పందులు తొట్టి నాకేస్తున్నాయి, అయినా బరువు రావట్లేదు: దాణాలో లోపం ఎక్కడ?

కొత్తకొట్టం

అందరికీ నమస్కారం. మాంసం కోసం క్రాస్‌బ్రీడ్ పందులు పెంచుతున్నాను. నాలుగు నెలలు నిండి అయిదో నెల నడుస్తోంది. 40 కిలోల దగ్గర ఆగిపోయాయి. తిండికి లోటు లేదు, పోసిందంతా నిమిషాల్లో ఊడ్చేస్తున్నాయి. వెన్ను మీద చెయ్యి వేస్తే మెత్తగా కొవ్వు తగులుతోంది, తొడలు మాత్రం నిండలేదు.

దాణా సొంతంగా కలుపుతాను. క్వింటాకు మొక్కజొన్న 55 కిలోలు, తవుడు 25, వేరుశనగ చెక్క 18, మిగతా 2 కిలోలు మినరల్ మిక్చర్, ఉప్పు. ప్రోటీన్ లెక్క వేస్తే 16 శాతం వస్తోంది. ఈ వయసుకి అంతే కావాలని అందరూ చెబుతున్నారు కదా. మరి లోపం ఎక్కడ? పూట పూటకీ ఇంకాస్త పెంచి పొయ్యమంటారా?

పాతకాపు

తమ్ముడూ, దాణా సంగతి తర్వాత. నట్టల మందు ఎప్పుడు పోశావు? ఎప్పుడైనా పేడలో తెల్లటి పొడుగు పురుగులు కనిపించాయా? తిన్నది ఒంటికి పట్టకపోవడానికి మొదటి కారణం అదే. రెండోది నీళ్ళు. పంది నోటితో నొక్కితే నీళ్ళు వచ్చే నిపుల్ పెట్టావా, తొట్టిలో పోస్తున్నావా?

కొత్తకొట్టం

నట్టల మందు పాలు మాన్పించాక ఒకసారి, మొన్న మళ్ళీ ఒకసారి పోశాం అన్నా. పేడలో ఏమీ కనిపించలేదు. నీళ్ళకి నిపుల్స్ ఉన్నాయి.

పాతకాపు

ఉన్నాయంటే చాలదు, నీళ్ళు ఎంత వస్తున్నాయో చూడాలి. లీటరు సీసా పట్టుకెళ్ళి నిపుల్ నొక్కి పట్టు. ఈ సైజు పందికి నిమిషంలో సీసా నిండాలి. రెండు నిమిషాలు పట్టిందంటే పంది సగం దాహంతోనే పక్కకి జరుగుతుంది. అది మనిషిలాగా ఓపిగ్గా నిలబడి తాగదు. వరసలో చివరి నిపుల్ తప్పకుండా చూడు, ప్రెషర్ అక్కడే పడిపోతుంది. నిపుల్ లోపలి జల్లెడలో ఇసుక, నాచు పేరుకుంటాయి, విప్పి కడుగు. ఎత్తు పంది భుజానికి సమానంగా ఉండాలి. పిల్లలప్పుడు బిగించిన ఎత్తులోనే వదిలేస్తే ఇప్పుడు మెడ వంచి తాగలేక సగం నేలపాలు చేస్తాయి. పదింటికి ఒక నిపుల్ తగ్గకూడదు.

దాణా_లెక్క

పాతకాపు అన్న చెప్పింది ముందు చెయ్యండి. కిలో పొడి దాణాకి రెండున్నర లీటర్ల దాకా నీళ్ళు కావాలి, ఎండలో ఇంకా ఎక్కువ. నీళ్ళు తగ్గితే తిండి తగ్గుతుంది. కానీ మీ పందులు తిండి తగ్గించలేదు, తొట్టి ఊడ్చేస్తున్నాయి. కాబట్టి నాకు అనుమానం నీళ్ళ మీద కాదు, మీ 16 శాతం మీద.

ప్రోటీన్ అనేది ఒకే వస్తువు కాదు. దాదాపు ఇరవై రకాల అమైనో ఆమ్లాల కలయిక. అందులో కొన్నిటిని పంది తనంతట తాను తయారుచేసుకోలేదు, మేతలోనే రావాలి. ధాన్యంతో కలిపిన దాణాలో అందరికంటే ముందు తక్కువ పడేది లైసిన్. కండ కట్టడానికి అన్నీ ఒక నిష్పత్తిలో కావాలి. మేస్త్రీ దగ్గర బండెడు ఇటుకలుండి సిమెంటు ఒక్క బస్తానే ఉంటే, ఆ బస్తా అయిపోయిన చోటే గోడ ఆగుతుంది. ఇక్కడ సిమెంటు లైసిన్.

మీ దాణానే లెక్క వేద్దాం. మొక్కజొన్నలో లైసిన్ కిలోకి రెండున్నర గ్రాములు. తవుడులో అయిదున్నర అనుకోండి. వేరుశనగ చెక్కలో ప్రోటీన్ 45 శాతం దాకా ఉన్నా, లైసిన్ కిలోకి 15 గ్రాములే. అంటే మీ క్వింటాలో మొక్కజొన్న నుంచి 137 గ్రాములు, తవుడు నుంచి 137, చెక్క నుంచి 270. అంతా కలిపి 545 గ్రాములు, 0.55 శాతం లెక్క. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2012 పట్టికల్లో 25 నుంచి 50 కిలోల పందికి పేగులో జీర్ణమై ఒంటికి అందే లైసిన్ 0.98 శాతం కావాలని ఉంది. మీ 0.55 మొత్తం లైసిన్, అందులోనూ కొంత జీర్ణం కాదు. సగానికి కాస్త అటూ ఇటూ అందుతోందన్న మాట.

ఇప్పుడు అదే 18 కిలోల చోట సోయా చెక్క వెయ్యండి. సోయాలో ప్రోటీన్ 44 శాతం, దాదాపు అంతే. లైసిన్ మాత్రం కిలోకి 28 గ్రాములు. చెక్క నుంచే 500 గ్రాములు దాటుతుంది. కాగితం మీద రెండు దాణాలూ 16 శాతమే, పంది ఒంట్లో మాత్రం అవి వేరు వేరు దాణాలు.

లైసిన్ చాలక వాడుకోలేని మిగతా ప్రోటీన్ ఏమవుతుంది? పంది దాన్ని విరగ్గొట్టి నైట్రోజన్‌ని మూత్రంలో వదిలేస్తుంది, మిగిలిన శక్తిని కొవ్వుగా దాచుకుంటుంది. మీ వెన్ను కొవ్వుకి జవాబు అదే. తెల్లవారుజామున షెడ్డు తలుపు తీస్తే అమోనియా ఘాటుకి కళ్ళు మండుతున్నాయా? గాలి ఆడక కూడా అలా జరుగుతుంది. గాలి బాగానే ఆడుతున్నా ఘాటు ఉందంటే మీ చెక్క డబ్బులు మూత్రంలో పోతున్నట్టే.

అందుకే ఇదే దాణా ఇంకా పోస్తే కండ పెరగదు, కొవ్వు పెరుగుతుంది.

కొత్తకొట్టం

అమోనియా వాసన నిజమే అన్నా, పొద్దున్నే బాగా కొడుతుంది. గాలి కోసం పక్కలన్నీ తెరిచే ఉంచుతాను, అయినా తగ్గట్లేదు. ఇంతకీ ఏం కలపాలి?

పందుల_రాజు

ఇంత లెక్కలు ఎందుకు బ్రదర్. హోటళ్ళలో మిగిలింది తెచ్చి పొయ్యి. మా వైపు అందరం అదే. పంది అన్నీ తింటుంది, దానికి అమైనో ఆమ్లాలు ఏం తెలుసు.

సునంద_వెట్

రాజు గారూ, మీ మాట గట్టిగానే కాదనాల్సి వస్తోంది. హోటల్ మిగులులో పంది మాంసం ముక్క ఒక్కటి ఉన్నా, దానిలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్ నెలల తరబడి బతికి ఉండగలదు. ఫ్రీజర్‌లో అయితే ఇంకా ఎక్కువ కాలం. ఆ జబ్బుకి మందు లేదు, సోకిన గుంపులో చాలా వరకు చనిపోతాయి. మనుషులకి రాదు, కానీ కొట్టం ఖాళీ అవుతుంది. 1957లో ఆ జబ్బు ఆఫ్రికా దాటి పోర్చుగల్‌కి వచ్చింది లిస్బన్ విమానాశ్రయం దగ్గర పందులకి విమానాల తిండి మిగులు పెట్టడం వల్లే. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు చెలరేగింది కూడా సరిగ్గా ఉడికించని మిగులు పెట్టిన ఒక పందుల ఫారం నుంచే. దాన్ని అదుపు చెయ్యడానికి 60 లక్షలకు పైగా పశువులని చంపాల్సి వచ్చింది.

చాలా దేశాల్లో మాంసం తగిలిన మిగులు పందులకి పెట్టడమే చట్టరీత్యా నిషేధం. అనుమతి ఉన్న అమెరికా లాంటి చోట్ల కూడా కలియబెడుతూ 100 డిగ్రీల దగ్గర కనీసం 30 నిమిషాలు ఉడికించాలన్నది నియమం. పైన ఉడికి అడుగున పచ్చిగా ఉంటే ఉడికించనట్టే. ఉడికించాక పచ్చి మిగులు ముట్టిన బకెట్టు, గరిట, చెప్పులు దాని దగ్గరికి రాకూడదు. మీ ప్రాంతంలో నియమం ఏమిటో పశుసంవర్ధక శాఖని అడక్కుండా మొదలుపెట్టవద్దు.

పందుల_రాజు

మేడం, మేము ఉడికిస్తాం. జబ్బు ఎప్పుడూ రాలేదు. దాణా కొనే స్తోమత అందరికీ ఉండదు కదా.

దాణా_లెక్క

రాజు గారి ఇబ్బంది అర్థమవుతోంది, దాణా ఖర్చే పందుల పెంపకంలో సింహభాగం. కానీ ఆ మిగులులో ఏముందో చూడండి. నూటికి 70, 80 వంతులు నీళ్ళే. పది కిలోలు పోస్తే పొడి పదార్థం రెండు, మూడు కిలోలు. 30 కిలోల పంది పొట్టలో పట్టేది ఎంత? పొట్ట నిండిపోతుంది, కావాల్సిన శక్తి మాత్రం అందదు. ఒకరోజు అన్నం, ఒకరోజు నూనె, ఒకరోజు ఉప్పటి పులుసు, ఏ రోజు ఏం వస్తుందో తెలియదు. పెద్ద పందులు, సూడి పందులు దాన్ని కొంత తట్టుకుంటాయి. పెరిగే పిల్లలు తట్టుకోలేవు. కూరగాయల తొక్కలు, పండ్ల మిగులు, బేకరీ ముక్కలు లాంటి మాంసం తగలనివి ఉంటే మొక్కజొన్నలో కొంత భాగం తగ్గించి ఇవ్వవచ్చు. పక్కన సోయా, మినరల్స్ విడిగా అందాలి.

సునంద_వెట్

ఉప్పటి పులుసు మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పాలి. ఉప్పు ఎక్కువై చచ్చే పందుల కంటే నీళ్ళు అందక ఉప్పు విషమై చచ్చేవి ఎక్కువ. మోటారు కాలిపోయి ఒకటి రెండు రోజులు నీళ్ళు ఆగితే మామూలు దాణాలోని ఉప్పే విషం. పంది గోడకి తల ఆనించి నిలబడుతుంది, కుక్కలా వెనక కాళ్ళ మీద కూర్చుని ముట్టె పైకెత్తి వెనక్కి వాలుతుంది, తర్వాత ఫిట్స్. అప్పుడు కంగారులో తొట్టి నిండా నీళ్ళు పోస్తే మెదడు వాచి అక్కడికక్కడే పోతాయి. కొంచెం కొంచెంగా, విడతలు విడతలుగా ఇవ్వాలి, వెంటనే డాక్టర్ని పిలవాలి.

కొత్తకొట్టం

నిపుల్స్ చూశాను. చివరి రెండూ సన్నగా వస్తున్నాయి, విప్పి కడిగించాను. మిగులు జోలికి నేను వెళ్ళను మేడం. దాణా లెక్క అన్నా, నా దాణా ఎలా మార్చాలో వివరంగా చెప్పండి. మా దగ్గర పచ్చి సోయా గింజలు కూడా ఉన్నాయి, అవే మర పట్టించి వెయ్యవచ్చా?

దాణా_లెక్క

పచ్చి సోయా గింజ వద్దే వద్దు. అందులో ట్రిప్సిన్ నిరోధకాలు ఉంటాయి. అవి ప్రోటీన్ అరిగించే ఎంజైమ్‌నే కట్టిపడేస్తాయి. పిల్లలకి పారుడు, పెద్దవాటికి ఎదుగుదల తగ్గడం. బాగా వేయించాలి లేదా ఉడికించాలి, లోపల కూడా పచ్చి వాసన పోవాలి. మాడ్చేసినా నష్టమే, మాడితే మొదట పాడయ్యేది లైసినే. నూనె తీసిన సోయా చెక్క మిల్లులోనే వేడి పడి వస్తుంది కాబట్టి అదే సుఖం.

ఇప్పుడున్న బరువుకి క్వింటా ఇలా కలపండి. మొక్కజొన్న 57 కిలోలు, తవుడు 20, సోయా చెక్క 21. మిగిలిన 2 కిలోల్లో డైకాల్షియం ఫాస్ఫేట్, సున్నపు రాయి పొడి, 400 గ్రాముల ఉప్పు, పందుల కోసమే చేసిన విటమిన్, ట్రేస్ మినరల్ ప్రీమిక్స్, 200 గ్రాముల ఎల్-లైసిన్ హైడ్రోక్లోరైడ్, అంటే లైసిన్ పొడి. ప్రోటీన్ 16.5 దాటి ఉంటుంది, మొత్తం లైసిన్ 1 శాతం దగ్గరికి వస్తుంది. ప్రోటీన్ దాదాపు మీరు ఇస్తున్నదే, మారింది దాని నాణ్యత.

లైసిన్ పొడి చవగ్గా దొరుకుతోందని అర కిలో పోసెయ్యకండి. దాని లోటు తీరగానే వరుసలో తర్వాతి అమైనో ఆమ్లం అడ్డం పడుతుంది. త్రియోనిన్, మెథియోనిన్, ట్రిప్టోఫాన్. లైసిన్ 100 అనుకుంటే త్రియోనిన్ 60 పైన, మెథియోనిన్ సిస్టీన్ రెండూ కలిపి 56 చుట్టూ, ట్రిప్టోఫాన్ 17, 18 ఉండాలి. పై దాణాలో సోయా తగినంత ఉంది కాబట్టి 200 గ్రాముల దాకా పెద్దగా ఇబ్బంది లేదు. సోయా తగ్గించి లైసిన్ పొడితో నెట్టుకురావాలంటే త్రియోనిన్ కూడా కొనాలి.

వేరుశనగ చెక్క మొత్తం మానేయాలని కాదు. నాలుగైదు కిలోలు ఉండవచ్చు. కానీ బూజు వాసన లేనిదే కావాలి, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఎక్కువగా పట్టే చెక్క అది. పత్తి చెక్కలో గాసిపాల్ అనే విషం ఉంటుంది, పందులకి అది అసలు పడదు.

కలపడం గురించి. 200 గ్రాముల పొడిని నేరుగా క్వింటా మీద చల్లితే ఒక పందికి అంతా, ఇంకోదానికి సున్నా. ముందు లైసిన్, ప్రీమిక్స్, ఉప్పుని రెండు కిలోల మొక్కజొన్న పిండిలో కలపండి. దాన్ని పది కిలోల పిండిలో. ఆ తర్వాతే కుప్పలోకి. పారతో కలిపేవాళ్ళు కుప్పని ఒక చోటి నుంచి ఇంకో చోటికి పూర్తిగా తిరగేస్తూ అలా నాలుగైదు సార్లు మార్చాలి.

కొత్త దాణాకి ఒక్కసారిగా మార్చకండి. పాతదాంట్లో పావు వంతు కొత్తది, తర్వాత సగం, తర్వాత ముప్పాతిక, అలా వారం తీసుకోండి.

చిట్టితల్లి

మొక్కజొన్న ఎంత మెత్తగా పట్టించాలో కూడా చెప్పండి అన్నా. మా మరలో ఒకసారి రవ్వలా, ఒకసారి పిండిలా వస్తుంది.

దాణా_లెక్క

సగటున 600, 700 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు. సన్న రవ్వ అనుకోండి. పేడని పుల్లతో విడదీసి చూడండి. పసుపుపచ్చ మొక్కజొన్న ముక్కలు అలాగే కనిపిస్తే అరక్కుండా బయటికి వస్తోందన్న మాట, ఇంకా మెత్తగా పట్టించాలి. మరీ ముఖానికి రాసుకునే పౌడర్‌లా పట్టిస్తే పొట్టలో పుళ్ళు పడతాయి, తొట్టిలో గడ్డ కడుతుంది, దుమ్ముకి దగ్గుతాయి. మర సుత్తులు అరిగిపోతే, జల్లెడ చిరిగితే సైజు మారిపోతుంది. మీకు ఒకసారి అలా, ఒకసారి ఇలా రావడానికి కారణం అదే అయి ఉంటుంది.

పాతకాపు

తవుడు గురించి ఎవరూ మాట్లాడలేదు. నూనె తియ్యని తవుడు మిల్లు నుంచి వచ్చిన రోజు తియ్యగా కమ్మగా ఉంటుంది. గుప్పెట్లో పట్టి పిసికితే ముద్ద కడుతుంది. వారం పది రోజులు పోతే అదే తవుడు కనరు వాసన కొడుతుంది, పందులు ముట్టె పెట్టి వెనక్కి తీస్తాయి. కొన్నిసార్లు దాణా తినట్లేదని మందులు కొడుతుంటారు, తప్పంతా తవుడు బస్తాలో ఉంటుంది. కొనేటప్పుడు కాస్త తవుడు నీళ్ళలో వేసి చూడండి, ఊక కలిపి ఉంటే పైకి తేలుతుంది.

దాణా_లెక్క

చాలా మంచి మాట. బియ్యం మరలో తవుడు పొర ఊడగానే అందులోని లైపేజ్ అనే ఎంజైమ్ నూనె మీద పడుతుంది, అందుకే అంత త్వరగా పాడవుతుంది. నూనె 12 నుంచి 18 శాతం దాకా ఉంటుంది కాబట్టి శక్తి బాగానే ఉంది. కానీ ఆ నూనె మెత్తటి రకం, పంది తిన్న నూనె రకమే దాని కొవ్వులోకి దిగుతుంది. కోతకి దగ్గరపడ్డాక తవుడు మరీ ఎక్కువైతే కొవ్వు జారుడుగా, నూనె కారుతున్నట్టు ఉంటుంది, కొట్టేవాళ్ళకి నచ్చదు. నూనె తీసిన తవుడుకి కనరు బెడద తక్కువ, దానికి తగ్గట్టే శక్తి కూడా తక్కువ. ఈ రెండిటినీ ఒకటే అనుకుని లెక్క వేస్తే దాణా తేలిపోతుంది.

సునంద_వెట్

ఫాస్ఫరస్ మాట కూడా చెప్పాలి. గింజల్లో, తవుడులో ఉన్న ఫాస్ఫరస్‌లో దాదాపు మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో తాళం వేసినట్టు ఉంటుంది, పంది విడదీయలేదు. అందుకే డైకాల్షియం ఫాస్ఫేట్ గానీ, ఆ తాళం విప్పే ఫైటేజ్ ఎంజైమ్ గానీ కావాలి. లేకపోతే బరువు పెరిగే కొద్దీ కాళ్ళు వంగుతాయి. అలాగని ఎముక గట్టిపడాలని సున్నపు పొడి ఎక్కువ పొయ్యకూడదు. కాల్షియం ఎక్కువైతే జింకు అందదు. కాళ్ళ మీద, పొట్ట కింద చర్మం పెచ్చులు కడుతుంది. గజ్జి అనుకుని మందు పూస్తూ ఉంటారు. తేడా ఏమిటంటే గజ్జి పట్టిన పంది గోడకి ఒళ్ళు రాపాడించుకుంటూనే ఉంటుంది, జింకు లోటులో దురద పెద్దగా ఉండదు.

ఇంకొకటి, గొర్రెలు కూడా ఉన్నవాళ్ళు పందుల దాణా వాటికి అందనివ్వకండి. పంది ప్రీమిక్స్‌లో ఉండే రాగి గొర్రెలకి విషం.

పాతకాపు

ఒక మాటకి నేను ఒప్పుకోను. అన్ని పందులకీ ఇదే దాణా అంటే కుదరదు. మా నాటు పందులకి ఇంత సోయా పెట్టినా మీ క్రాస్‌బ్రీడ్‌లా పెరగవు.

దాణా_లెక్క

నిజం అన్నా, కండ కట్టే శక్తి జాతిని బట్టి ఉంటుంది. నాటు రకాలు ముందుగానే కొవ్వు పడతాయి, వాటికి లైసిన్ అవసరం కూడా తక్కువే, ఎక్కువ పెడితే డబ్బు దండగ. పైన రాసింది తమ్ముడి క్రాస్‌బ్రీడ్ కోసం. వాటిల్లోనూ విత్తులు కొట్టిన మగవి ఎక్కువ తిని తొందరగా కొవ్వు పడతాయి, ఆడవాటికి కండ ఎక్కువ. గదులు ఉంటే 50 కిలోల తర్వాత విడదీసి, మగవాటికి దాణా చివర్లో ఒక పదో వంతు తగ్గించవచ్చు.

కొత్తకొట్టం

కొత్త దాణాకి మారాక మార్పు కనిపిస్తోంది. కొట్టంలో ఘాటు బాగా తగ్గింది. తొడలు బలుస్తున్నాయి. పెద్ద కాటా లేదు, బరువు కచ్చితంగా తెలుసుకునేది ఎలా? దాణా ఎప్పుడు మార్చాలో బరువు తెలియకపోతే కష్టం కదా.

దాణా_లెక్క

సంతోషం తమ్ముడూ. బట్టలు కొలిచే టేపు చాలు. ముందు కాళ్ళ వెనక నుంచి ఛాతీ చుట్టుకొలత, చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా వెన్ను మీదుగా పొడవు, రెండూ మీటర్లలో. చుట్టుకొలతని చుట్టుకొలతతోనే గుణించి, పొడవుతో గుణించి, 69.3తో గుణించండి. ఛాతీ 82 సెంటీమీటర్లు, పొడవు 86 అయితే 40 కిలోలు. ఛాతీ మీటరు, పొడవు మీటరు అయిదు సెంటీమీటర్లు అయితే 73. పంది తల కిందికి వంచకుండా, నిటారుగా నిలబడి ఉన్నప్పుడు, పొద్దున్నే మేత పెట్టక ముందు కొలవాలి. కొన్ని కిలోలు అటూ ఇటూ ఉంటుంది. రెండు వారాలకోసారి గుర్తు పెట్టిన అవే పందులని కొలిస్తే పెరుగుదల తెలుస్తుంది.

70 దాటాక దాణా మార్చండి. మొక్కజొన్న 65, తవుడు 18, సోయా చెక్క 15, లైసిన్ 150 గ్రాములు. మినరల్స్ అవే. లైసిన్ 0.8 శాతం వస్తుంది, ఆ బరువుకి అది చాలు. ఆ వయసులో రోజుకి రెండున్నర కిలోల దాకా తింటాయి కాబట్టి శాతం తగ్గినా అందే గ్రాములు తగ్గవు. ఎండలు ముదిరితే తిండి తగ్గిస్తాయి, పందికి చెమట పట్టదు. అలాంటప్పుడు తెల్లవారుజామున, పొద్దు కుంకాక మేత పెట్టండి. మధ్యాహ్నం ఒంటి మీద నీళ్ళు చల్లండి.

అమ్మే ముందు ఏ మందు వాడినా, అది మాంసంలోంచి పోవడానికి ఆగాల్సిన గడువు పూర్తయ్యాకే కోతకి పంపండి.

చిట్టితల్లి

అందరికీ నమస్కారం, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఆడ పంది పిల్లలు ఇంకా మూడు నెలలవి. నిన్నటి నుంచి వెనక భాగం ఎర్రగా వాచి, ఎదకి వచ్చినట్టు కనిపిస్తున్నాయి. ఇంత చిన్న వయసులో ఎదకి రావడం ఉంటుందా? చాలా టెన్షన్‌గా ఉంది. తిండి మాత్రం తింటున్నాయి.

సునంద_వెట్

అది ఎద కాదమ్మా. కొత్తగా మొక్కజొన్న కొన్నారా?

చిట్టితల్లి

అవును మేడం, కిందటి వారం. కాస్త తడి తగిలిన సరుకు, ఎండబెట్టి పట్టించాం.

సునంద_వెట్

అదే కారణమని గట్టి అనుమానం. తడి మొక్కజొన్న మీద పెరిగే ఫ్యుజేరియం బూజు జియరాలినోన్ అనే విషం వదులుతుంది. అది ఒంట్లో ఆడ హార్మోన్‌లా పనిచేస్తుంది, అందుకే పసి ఆడ పంది పిల్లల్లో కూడా అలా వాస్తుంది. ఎండబెడితే బూజు ఎదుగుదల ఆగుతుంది గానీ అప్పటికే పుట్టిన విషం పోదు. ఉడికించినా పూర్తిగా పోదు.

ఈ రోజే ఆ మొక్కజొన్న ఆపేసి వేరే సరుకు వెయ్యండి. కొన్ని వారాల్లో వాపు తగ్గిపోతుంది. ముక్కుతూ పేగు బయటికి జారితే మాత్రం వెంటనే డాక్టర్ని పిలవండి. సూడి పందులకి ఆ సరుకు ఒక్క గింజ కూడా పెట్టకండి. విషాన్ని పట్టి ఉంచే బైండర్ పొడి కలిపితే చాలంటారు కొందరు. మామూలు మట్టి బైండర్లు అఫ్లాటాక్సిన్‌ని బాగా పట్టుకుంటాయి గానీ జియరాలినోన్‌ని అంతగా పట్టవు. ఇదే బూజు జాతి వదిలే ఇంకో విషం ఉంది, డియాక్సినివాలినోల్. అది కిలోకి మిల్లీగ్రాము దాటితే చాలు, పందులు తిండి తగ్గిస్తాయి. ఇంకా ఎక్కువైతే వాంతులు.

చిట్టితల్లి

ఇప్పుడే ఆపేశాను మేడం. మిగిలిన బస్తాలు పరీక్షకి పంపుదామనుకుంటున్నాను. ఒక బస్తా నుంచి గుప్పెడు తీస్తే సరిపోతుందా?

దాణా_లెక్క

సరిపోదు చెల్లెమ్మా. బూజు సరుకంతా సమానంగా ఉండదు, అక్కడక్కడ ముద్దలుగా ఉంటుంది. ఒక గుప్పెట్లో ఏమీ రాకపోవచ్చు, పక్క గుప్పెడు విషం కావచ్చు. వీలైనన్ని బస్తాల నుంచి, ప్రతి బస్తాలో పై భాగం, మధ్య, అడుగు నుంచి కాస్త కాస్త తియ్యండి. గోడకి ఆనిన బస్తాలు, నేల మీదున్నవి వదలకండి. అంతా కలిపి మర పట్టించి, బాగా కలియబెట్టి, అందులోంచి కిలో తీసి కాగితపు సంచిలో పంపండి. ప్లాస్టిక్ కవరులో వేస్తే దారిలోనే చెమ్మ పట్టి ఇంకా బూజు పడుతుంది. ఏ రోజు కొన్నారో, ఎన్ని బస్తాల నుంచి తీశారో సంచి మీద రాయండి. ఇక ముందు కొనేటప్పుడు తేమ 13 శాతం దాటిన సరుకు దించుకోకండి, బస్తాల కింద చెక్క బల్లలు వేసి గోడకి జానెడు దూరం ఉంచండి.